కన్నును మోసగించే కుర్చీ

మన కథలలో ఒక విచిత్రమైన సింహాసనం ఉన్నది. విక్రమార్కుని అనంతరం అది మట్టిలో మరుగుపడిపోయింది. ఎన్నో తరాల తరువాత భోజరాజు దానిని వెలికి తీయించి, శుభముహూర్తాన అధిష్ఠించబోయాడు. అప్పుడు దానికి అమర్చిన 32 బొమ్మలలో ఒక బొమ్మ నోరు తెరిచి ఆగుమన్నది. విక్రమార్కుని ఔదార్యాన్ని ఒక కథగా చెప్పి, అటువంటి గుణం నీకున్నదా, ఉంటే కూర్చోమన్నది. రాజు వెనుదిరిగాడు. మళ్ళీ వచ్చినప్పుడు మరొక బొమ్మ, మరొక కథ, మరొక ప్రశ్న. ఆ విధంగా 32 మారులు ఆ సింహాసనం రాజును పరీక్షించింది.

ఈ కథలను 15వ శతాబ్దిలో కొరవి గోపరాజు “సింహాసన ద్వాత్రింశిక” అనే కావ్యంగా తెలుగులో రచించాడు. కావ్యం చదవనివారు కూడా వీటిని పెద్దల నోట విన్నవారే. కూర్చోబోయేవాని తెలివిని, గుణాన్ని శోధించే ఆసనం ఒకటి ఉండగలదన్న ఊహ మనకు కొత్త కాదు. ఆ ఊహకు కొయ్యతో, ఇనుముతో రూపం కల్పించడం ఎట్లాగన్నదే నేటి మా ప్రసంగవిషయం.

హిందూపురానికి చేరువన ఉన్న పరిగి ప్రాంతం నుంచి ఒక ఉపాధ్యాయుడు మాకు ఉత్తరం వ్రాశారు. పాఠశాల వార్షికోత్సవానికి పిల్లలు “ఎస్కేప్ రూమ్” అనే ఆటను ఏర్పాటు చేయదలచారట. ఒక గదిని పెనుకొండ కోటలోని రాచమందిరంగా అలంకరిస్తారట. 1565లో తళ్ళికోట యుద్ధం జరిగిన తరువాత విజయనగర ప్రభువులకు రాజధాని అయిన కోట కదా పెనుకొండ! గది నడుమ ఒక సింహాసనం ఉంటుంది. చిక్కుముడులన్నీ విప్పినవారు దానిమీద కూర్చుంటే, గోడలోని పెట్టె తలుపు దానంతట అదే తెరుచుకోవలె. అందులో తాళంచెవి దొరకవలె. ఇటువంటి కుర్చీని ఊరి వడ్రంగిచేత చేయించడానికి ఉపాయం చెప్పవలసిందని వారి కోరిక. నాటకాలు ప్రసారం చేసేవారం కాబట్టి నాటకసామగ్రి సంగతి మాకు తెలిసి ఉంటుందని వారి నమ్మకం.

ఈ ఆటను ఎరుగని శ్రోతలకు రెండు మాటలు చెప్పవలె. కొందరు కలిసి ఒక గదిలో ప్రవేశిస్తారు. తలుపు మూస్తారు. గదిలోని వస్తువులలో దాచిన గుర్తులను వెదకి, ఒకదానితో ఒకటి ముడిపెట్టి, సాధారణంగా ఒక గంటలోపల బయటికి వచ్చే మార్గం కనుగొనవలె. కంప్యూటరు తెరమీద ఆడుకొనే ఇటువంటి ఆటను జపాను దేశస్థుడు తకావో కాటో 2007లో క్యోటో నగరంలో నిజమైన గదిలోనికి తెచ్చాడు. 2011లో బుడాపెస్టులో ఒక సంస్థ ఇటువంటి గదులను నెలకొల్పింది. అక్కడినుంచి అవి దేశదేశాలకు వ్యాపించాయి. నేడు బెంగుళూరు, హైదరాబాదు నగరాలలోను డబ్బిచ్చి ఆడుకొనే గదులున్నాయి. పరిగి పిల్లలు డబ్బివ్వకుండా తామే కట్టుకొనదలచారు. అది మరింత ముచ్చటైన పని.

మాయావస్తువులు కల్పించే విద్య రాయలసీమకు పరాయిది కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ప్రదర్శనతో మొదలైన సురభి నాటకబృందంవారు అంతకు ముందు తోలుబొమ్మలాట ఆడించిన కుటుంబాలవారే. మనుషులు గాలిలో తేలడం, రంగస్థలంమీద వాన కురియడం, అగ్నిజ్వాలలు లేవడం వంటి తంత్రాలు వారికి కొట్టినపిండి. ధర్మవరానికి సమీపాన నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు నేటికీ తోలులో సన్నని రంధ్రాలు తొలిచి, వెలుతురునే నగలుగా తొడుగుతున్నారు. తాడిపత్రిలో జన్మించిన కె.వి.రెడ్డిగారు దర్శకత్వం వహించిన “మాయాబజార్” 1957లో విడుదలైంది. అందులోని గింబళిని, గిల్పాన్ని మరచిపోయినవారుండరు. వాటితోపాటు అక్కడొక సత్యపీఠమున్నది. దానిమీద కాలు పెట్టినవాడు ఎంతటి శకుని అయినా మనసులోని కపటాన్ని వెళ్ళగ్రక్కవలసిందే. ఎక్కినవారిని పరీక్షించే ఆసనాలలో అదీ ఒకటి.

అయితే ఇక్కడ మనం ఒక భేదాన్ని గుర్తించవలె. రంగస్థలంమీది సింహాసనాన్ని ప్రేక్షకుడు దూరంనుంచి, ఒకే వైపునుంచి చూస్తాడు. దాని వెనుకభాగం వట్టి పెట్టెచెక్క అయినా ఇబ్బంది లేదు. దానిమీద కూర్చునేవాడు నటుడు. ఏ కాలు బలహీనమో, ఎటు ఒరగకూడదో అతనికి ముందే తెలుసు. సినిమాలో కెమెరా చూపినంతవరకే వస్తువుకు ఉనికి. ఇక రేడియో నాటకంలో కుర్చీకి రూపంతోనే పని లేదు. మైకుముందు కిర్రుమని మూలిగే పాతకుర్చీ ఒకటి ఉంటే, దర్బారులోని రత్నసింహాసనమైనా, పంచాయతీ కచేరీలోని బల్లపీట అయినా శ్రోత తన మనసులోనే నిర్మించుకొంటాడు.

ఆటగదిలోని కుర్చీ వీటన్నిటికీ భిన్నమైనది. ఆటగాడు దానిని నాలుగు వైపులనుంచి, జానెడు దూరంనుంచి చూస్తాడు. తడుముతాడు, లాగుతాడు, తలక్రిందులు చేస్తాడు. ఇద్దరు ముగ్గురు ఒక్కసారిగా దానిమీద పడవచ్చు. గడియారం పరుగెత్తుతున్నదన్న తొందర వారికుంటుంది. అన్నిటికంటె ముఖ్యమైన మాట: దానిలో ఏమున్నదో అతనికి తెలియదు. తెలియకుండా ఉండడమే ఆట. తెలియనివాడు తన ఒంటి బరువునంతా మనం చేసిన వస్తువుమీద మోపుతాడు. కనుక ఈ పనిలో ఒక్క సూత్రాన్ని ఎన్నడూ విడువరాదు. కుర్చీ కన్నును ఎంతైనా మోసగించవచ్చు. ఒంటిని మాత్రం మోసగించరాదు.

దీనికి ఉపమానం ఆ సీమలోనే ఉన్నది. హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరాన లేపాక్షి వీరభద్రాలయం ఉన్నది. 16వ శతాబ్దిలో అచ్యుతదేవరాయల కాలాన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన ఆలయమది. అక్కడి వేలాడే స్తంభం లోకప్రసిద్ధం. స్తంభం అడుగున వస్త్రాన్ని దూర్చి ఇవతలనుంచి అవతలికి లాగి చూసి యాత్రికులు ఆశ్చర్యపడుతుంటారు. స్తంభం నేలమీద ఆనకపోయినా మండపం నిలిచే ఉన్నది. ఎందువల్ల? పైకప్పు బరువును చుట్టుప్రక్కల స్తంభాలు మోస్తున్నాయి. వింత ఒకచోట, భారం మరొకచోట. మన కుర్చీలోను అదే పద్ధతి పాటించవలె. వింత చూపే భాగం బరువు మోయరాదు. బరువు మోసే భాగంలో వింత ఉండరాదు.

సాధారణంగా ఉత్సాహవంతులు అలంకారంతో పని ప్రారంభిస్తారు. ముందు సింహపుతలలు, ముఖమల్ గుడ్డ, బంగారు కాగితం, తరువాత మీట, చివరికి కాళ్ళ సంగతి. ఈ వరుస తలక్రిందులు కావలె. ముందు కుర్చీ, తరువాత తంత్రం, ఆ తరువాతనే శృంగారం.

కుర్చీకి కొత్త కొయ్య కోయనక్కరలేదు. గట్టి టేకుతోనో, వేపతోనో చేసిన పాత చేతులకుర్చీ దొరికితే సగం పని అయినట్లే. వేపచెక్కకు పురుగు సులభంగా పట్టదు. మామిడిచెక్క మెత్తన, చెక్కడపు పనికి బాగుంటుంది కాని కాళ్ళకు తగదు. కాలును, అడ్డకొయ్యను కలిపేచోట మేకులను నమ్మరాదు. ఒక కొయ్య కొనను నాలుకవలె చెక్కి, రెండవ కొయ్యలో తొలిచిన రంధ్రంలో దించి, జిగురు పట్టించి, కొయ్యమేకుతో బిగించే పాతపద్ధతియే శ్రేష్ఠం. బండిచక్రం చేయగల వడ్రంగికి ఈ మాట మనం చెప్పనక్కరలేదు. నాలుగు కాళ్ళ అడుగుభాగాలను అడ్డకొయ్యలతో బంధించి, వెనుకకాళ్ళను కొంచెం వెనుకకు వాలిస్తే, ఆటగాడు వెనుకకు ఒరిగినా కుర్చీ పడిపోదు.

తరువాత పరీక్ష. ఒక సిమెంటు బస్తా 50 కిలోలుంటుంది. నాలుగు బస్తాలను జాగ్రత్తగా పేర్చి, ఒక రాత్రి కుర్చీమీద ఉంచవలె. ఇద్దరు పెద్దమనుషులు ఒకేసారి కూర్చున్నా అంతకు మించరు కదా, ఇంత బరువెందుకని అడగవచ్చు. నెమ్మదిగా కూర్చున్నవాని భారం వేరు, ధడాలున కూలబడినవాని భారం వేరు. హఠాత్తుగా మోపిన బరువు, మెల్లగా మోపిన బరువుకంటె రెండింతల ఒత్తిడిని కలిగిస్తుందని యంత్రశాస్త్రం చెబుతున్నది. ఎత్తునుంచి పడితే అది ఇంకా ఎక్కువ. తెల్లవారి బస్తాలు దించి, ఒక్కొక్క అతుకును చేతితో కదిపి చూడవలె. ఎక్కడైనా కదలిక ఉంటే అలంకారం మాట తలపెట్టక మరల బిగించవలె.

ఇప్పుడు తంత్రం. కూర్చోగానే గోడలోని పెట్టె తెరుచుకోవడానికి విద్యుత్తు లేకుండానే ఒక ఉపాయమున్నది. దానికి కావలసిన సరకులు ఏ సైకిలు దుకాణంలోనైనా దొరుకుతాయి. కుర్చీ పలకను వెనుకవైపు రెండు బందులతో చౌకట్టుకు బిగించి, ముందువైపు రెండు స్ప్రింగులమీద నిలపవలె. కూర్చున్నప్పుడు పలక ముందుభాగం అర అంగుళం మాత్రమే దిగవలె. దిగిన వెంటనే అది చౌకట్టుకు బిగించిన రెండు గట్టి కొయ్యదిమ్మలమీద ఆనవలె. ఈ దిమ్మలే ఇక్కడి అసలు స్తంభాలు. స్ప్రింగుల పని పలకను తిరిగి పైకెత్తడమే కాని మనిషిని మోయడం కాదు. చిన్నపిల్లలు కూర్చున్నా పనిచేయడానికి, 20 కిలోల బస్తా పెడితే పలక పూర్తిగా దిగేటంతటి మెత్తని స్ప్రింగులను ఎంచుకోవలె.

పలక క్రింద ఒక మీట అమర్చవలె. మీట తిరిగే మేకునుంచి రెండంగుళాల దూరాన పలక దానిని నొక్కుతుంది. ఆరంగుళాల దూరాన రెండవ కొనకు సైకిలు బ్రేకు తీగె కట్టి ఉంటుంది. అప్పుడు పలక అర అంగుళం దిగితే తీగె ఒకటిన్నర అంగుళం కదులుతుంది. దూరం మూడింతలైనచోట బలం మూడవవంతు అవుతుంది. అయినా పెట్టె గడియను లాగడానికి అది చాలు. బ్రేకు తీగెకు పైతొడుగు ఉంటుంది కాబట్టి కాలివెంట, నేలపలకల క్రింద, గోడవెంట మలుపులు త్రిప్పి తీసుకొనిపోవచ్చు. గడియ వీడగానే పెట్టె తలుపు తన బరువుచేత తానే తెరుచుకొనేటట్లు కొంచెం వాలుగా బిగిస్తే, చూచేవారికి అది అచ్చంగా మాయ.

విద్యుత్తుతో చేయదలచినవారు పలక క్రింద మీటకు బదులు ఒక చిన్న స్విచ్చి పెట్టవచ్చు. అక్కడ కూడా బరువును దిమ్మలే మోయవలె. స్విచ్చికి తాకిడి మాత్రమే తగలవలె. బ్యాటరీతో నడిచే 12 వోల్టులు మించనివ్వరాదు. గోడ ప్లగ్గులోని కరెంటును కుర్చీ దరిదాపులకు రానీయరాదు. బ్యాటరీ ప్రక్కనే ఫ్యూజు ఉండవలె. మరొక జాగ్రత్త: పలకకు చౌకట్టుకు నడుమ సందు పిల్లవాని వ్రేలు పట్టనంత సన్ననిదై ఉండవలె, అడుగుభాగాన్ని పలకతో పూర్తిగా మూసివేయవలె. వెదకే ఆటలో చేతులు మొదట దూరేది అక్కడనే.

ఇంతవరకు కుర్చీని గురించి చెప్పుకొన్నాము. ఇక కుర్చీ ఉన్న గదిని గురించి ఒక గంభీరమైన సంగతి చెప్పక తప్పదు. 2019 జనవరి 4వ తేదీన పోలండు దేశంలోని కొషాలిన్ పట్టణంలో ఇటువంటి ఆటగదిలోనే అగ్నిప్రమాదం జరిగింది. స్నేహితురాలి పుట్టినరోజు పండుగకు వచ్చిన ఐదుగురు బాలికలు, అందరూ 15 ఏళ్లవారు, బయటపడే మార్గం లేక మరణించారు. ఆ తరువాత ఆ దేశంలో అటువంటి గదులన్నిటినీ తనిఖీ చేసి, భద్రత లేనివాటిని ఎన్నింటినో మూసివేశారు. ఆట పేరే “తప్పించుకొనుట”. ఆ పిల్లలకు లేకపోయింది అదే.

కాబట్టి ఆటలో తలుపు మూయవచ్చు కాని తాళం వేయరాదు. తాళం వేసినట్లు నటన చాలు. బయటికి పోవలసిన వారు చిక్కుముడి విప్పినా విప్పకపోయినా, లోపలినుంచి తోస్తే తలుపు తెరుచుకోవలె. విద్యుత్తు తాళాలలో రెండు జాతులున్నాయి. కరెంటు పోతే బిగిసిపోయేది ఒకటి. కరెంటు పోతే వీడిపోయేది మరొకటి. తలుపునకు పెట్టదలిస్తే రెండవదానినే పెట్టవలె. మొదటిది గోడలోని పెట్టెకు సరిపోతుంది. ఆటకు రక్తి కలుగుతుందని కొన్నిచోట్ల ఆటగాని చేతులను కుర్చీచేతులకు సంకెలతో బంధిస్తారు. పిల్లల ఆటలో ఆ పని చేయనే కూడదు. కథకు అది తప్పనిసరి అనుకొంటే, మెల్లగా లాగితే ఊడివచ్చే గుడ్డముడి వేస్తే చాలును. ఒక పెద్దవారు ఆట సాగినంతసేపు తలుపు బయటనే నిలిచి ఉండవలె. గదిలో దీపాలు, కొవ్వొత్తులు, అగరువత్తులు వెలిగించరాదు. పెనుకొండ కోట రాచఠీవి బ్యాటరీ దీపాలతోనే నెరవేరుతుంది.

ఈ రెండూ కుదిరిన తరువాత శృంగారానికి అడ్డులేదు. కొత్తచెక్కకు నాలుగువందల ఏళ్ల నలుపు తెప్పించడానికి కలంకారీవారి విద్య అక్కరకు వస్తుంది. వారు ఇనుపముక్కలను బెల్లపునీటిలో కొన్ని రోజులు నానబెట్టి పులియించి, కరక్కాయ కషాయం పట్టించిన బట్టమీద ఆ నీటితో గీతలు గీస్తారు. రెండూ కలియగానే నల్లరంగు తేలుతుంది. కొయ్యమీదను ఇది పారుతుంది. ముందు కరక్కాయ కషాయమో, చిక్కని టీడికాషనో రెండుసార్లు పూసి ఆరబెట్టి, తరువాత ఆ ఇనుపనీరు పూస్తే చెక్క ముదురువన్నెకు దిగుతుంది. హిందూపురం సంతలో బెల్లానికి కరువు లేదు; ఇనుపముక్కలు కమ్మరి కొలిమి దగ్గర దొరుకుతాయి. చెక్కడపు పనికి మామిడిచెక్క తీసుకొని సింహపుతలలో, చిన్నబొమ్మలో చేయించి అతికించవచ్చు.

అలంకారం ఆటకు కూడా పనికివస్తే మరీ మేలు. కుర్చీ వీపుమీద ఎనిమిది బొమ్మలున్నాయనుకొందాం. ఏడు బొమ్మలు కుడివైపు చూస్తుంటాయి, ఒకటి ఎడమవైపు. దాని చూపు వెంట పోతే గోడమీద ఒక అక్షరం. బొమ్మల చేతులలోని పువ్వులను లెక్కపెడితే ఒక సంఖ్య. ఇటువంటి గుర్తులు కన్నుకు, బుద్ధికి పని కల్పిస్తాయి, కండబలానికి కాదు. గట్టిగా లాగితే, విరిస్తే తెలిసే రహస్యాన్ని ఎన్నడూ పెట్టరాదు. ఒక్కసారి బలంతో ఒక వస్తువు తెరుచుకొంటే, ఆటగాళ్ళు గదిలోని ప్రతి వస్తువునూ విరిచి చూస్తారు. ఆటలో భాగం కాని వస్తువులమీద చిన్న ఎర్రచుక్క పెట్టి, ఎర్రచుక్క ఉన్నదానిని తాకవలసిన పని లేదని ముందే చెప్పడం ధర్మం. చిక్కుముడి కఠినంగా ఉండవచ్చును, అన్యాయంగా ఉండకూడదు. విప్పినవాడు “ఇది మన కళ్ళయెదుటనే ఉన్నదే!” అని నవ్వుకోవలె.

ఒక మాట మరువరాదు. ఇది ఒకనాడు చేసి వదిలిపెట్టే పని కాదు. ప్రతి జట్టు ఆడి వెళ్ళిన తరువాత పలకను నొక్కి, తీగెను లాగి, దిమ్మలను తట్టి చూడవలె. పదిజట్లకు ఒకసారి బందుల మరలను బిగించవలె. ఈ పని పిల్లలకే అప్పగిస్తే, ఆడడంకంటె ఎక్కువ వారు దానివలన నేర్చుకొంటారు. మీట అంటే పాఠ్యపుస్తకంలోని బొమ్మ కాదనీ, తాము బిగించిన మరమీద మరొకరి శరీరం ఆధారపడి ఉన్నదనీ వారికి బోధపడుతుంది. వడ్రంగివానికి ఉన్నది, పుస్తకం చదివినవానికి తరచు కొరవడేది ఈ ఎరుకయే.

విక్రమార్కుని సింహాసనం కూర్చోబోయేవానిని పరీక్షించింది. మనం చేసే సింహాసనం మరొక పరీక్ష కూడా పెడుతుంది. అది చేసినవానికి పెట్టే పరీక్ష. ఎవరో పిల్లవాడు చిక్కుముడి విప్పానన్న సంతోషంలో, వెనుకకు చూడకుండా, ఆ కుర్చీలో ధబ్బున కూర్చుంటాడు. ఆ క్షణంలో వానికి కలిగే నిశ్చింత మనం సంపాదించి ఇచ్చినదై ఉండవలె. గోడలో పెట్టె తెరుచుకోవడం ఆ తరువాతి వింత.